మూడుసార్లు అడిగాక

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకి గది లోపలినుంచి ఉడత కేక వేసింది.

"అమ్మా, తలుపు వేసుకుంటున్నా. చుక్క వచ్చింది."

వంటింట్లో గిన్నెలు తోముతున్న తల్లి తల తిప్పలేదు. మూడు నెలల క్రితమైతే తిప్పేది. ఆ మాట మొదటిసారి విన్న రోజు ఆమె చేతులు తుడుచుకుని, ముందుగది సర్ది, ఇంకో కప్పు తీసి టీ పోసింది. పది నిమిషాలు చూసి కూతురి గది తలుపు తీస్తే లోపల కూతురు ఒక్కతే ఉంది. పుస్తకాల దొంతరకి ఆనించిన ఫోనులో ఆకుపచ్చ చుక్క ఒకటి వెలుగుతోంది. ఆ టీ చివరికి తండ్రి తాగాడు.

"చుట్టం వస్తే టీ కూడా ఇవ్వలేదన్న మాట మనకెందుకు" అన్నాడు తాగుతూ.

ఉడత అన్నది ముద్దుపేరు. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదు, నోటికి విరామం ఉండేది కాదు. పదిహేడేళ్ళు వచ్చేసరికి పేరు మిగిలింది, మాటలు తగ్గాయి. చుక్క అసలు పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయి ఫోనులో పేరు రాసుకోవలసిన చోట ఒక చుక్క పెట్టి వదిలేసింది. ఊరు వేరు. బొమ్మలు గీయడం నేర్పే ఆన్‌లైన్ క్లాసులో ఇద్దరూ చేరారు. ఆరు వారాల్లో క్లాసు అయిపోయింది, స్నేహం మిగిలింది. ఎనిమిది నెలలైంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

తల్లికి ఈ స్నేహం లెక్క అందలేదు.

"నిన్న సాయంత్రమంతా ఎవరితో ఉన్నావే?"

"చుక్కతో."

"ఏం చేశారు?"

"మాట్లాడుకున్నాం."

"నీ గదిలోంచి ఒక్క ముక్క వినబడలేదు."

"వినబడేలా మాట్లాడుకోలేదు."

తండ్రి సిటీ బస్సు డ్రైవరు. ఇలాంటి సంభాషణలకి ఆయన దగ్గర ఎప్పుడూ ఒక సమాధానం ఉండేది. "మా బస్సులోనూ అంతే. యాభైమంది ఎక్కుతారు, ఒక్కరూ నోరు తెరవరు. అందరూ ఎవరో ఒకరితో మాట్లాడుతూనే ఉంటారు. మాట్లాడనిది నేనొక్కణ్ణే, అదీ డ్రైవరుతో మాట్లాడకూడదని బోర్డు పెట్టారు కాబట్టి."

అమ్మమ్మ ఈ మాటల్లో కలగజేసుకునేది కాదు. ఆమెకి డెబ్భైరెండేళ్ళు. ఒక పెద్దాసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా పనిచేసింది. అక్కడ బయటి లైన్లు ఎనిమిది, వార్డులు ఇరవై రెండు. లైను తెరిచి ఉండి మాట వినబడకపోతే ఆపరేటరు మధ్యలోకి వచ్చి "మాట్లాడుతున్నారా?" అని అడగాలి. మూడు సెకన్లు ఆగాలి. అలా మూడుసార్లు అడగాలి. అప్పటికీ జవాబు లేకపోతే తీగ లాగేయాలి, ఎందుకంటే బయట ఇంకెవరో ఎదురుచూస్తుంటారు. తర్వాత తీగలు పోయి మీటలు వచ్చాయి. నియమం మారలేదు. పదవీ విరమణ రోజున పై అధికారి ఆమె గురించి చెప్పిన మొదటి మాట, ఆవిడ చేతిలో ఒక్క లైను కూడా వృథా కాలేదని.

ఆ శనివారం పది దాటాక ఉడత తలస్నానానికి వెళ్ళింది. అమ్మమ్మ మడతపెట్టిన బట్టలు పట్టుకుని ఆ గదిలోకి వచ్చింది. బల్లమీద ఫోను వెలుగుతోంది. తెరమీద అంకెలు పరిగెడుతున్నాయి. నలభై ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు, పదమూడు సెకన్లు. గదిలో ఎవరూ లేరు. ఆమె బట్టలు మంచంమీద పెట్టి ఫోను తీసి చెవికి ఆనించుకుంది.

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. దాని వెనక శ్వాస.

"మాట్లాడుతున్నారా?"

ఏదో చిన్న శబ్దం వచ్చింది. ఆగిపోయింది.

"మాట్లాడుతున్నారా?"

మళ్ళీ అదే శబ్దం, తెగుతూ తెగుతూ. లైను బాగాలేనప్పుడు వచ్చే చప్పుడులా ఉంది.

"మాట్లాడుతున్నారా?"

మూడు సెకన్లు ఆగి, ఎర్ర గుర్తు నొక్కి, ఫోను బోర్లా పెట్టింది. బట్టలు బీరువాలో సర్ది బయటికి వచ్చింది. తలకి తువ్వాలు చుట్టుకుని వస్తున్న మనవరాలు ఎదురైతే చెప్పింది కూడా. "ఫోను పెట్టేయడం మర్చిపోయావే. నేను పెట్టేశాలే."

ఉడత గదిలోకి పరుగెత్తింది. నిమిషం తర్వాత ఆ గదిలోంచి వచ్చిన అరుపుకి తల్లి వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? ఎవరు ముట్టుకోమన్నారు?"

అమ్మమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. "ఖాళీ లైనమ్మా అది. మూడుసార్లు అడిగాను."

"ఖాళీ కాదు! చుక్క ఉంది!"

"ఉంటే మాట్లాడదా మరి?"

"చదవనా ఏం రాసిందో? వింటావా?" ఉడత తెర చూసి చదివింది. "'ఎవరో అడిగారు. జవాబు చెప్తున్నాను. వస్తోంది. ఈలోపు పెట్టేశారు. సోమవారం నేను వెళ్ళను.' అంతే. ఇది రాసి వెళ్ళిపోయింది."

"ఎక్కడికి వెళ్ళిపోయింది?" అంది తల్లి.

"ఎక్కడికీ కాదమ్మా. వెళ్ళిపోయింది."

"ఎక్కడికీ కాకుండా ఎలా వెళ్తారే? సాయంత్రం మళ్ళీ వస్తుందిలే. దీనికేనా ఇంత గోల?"

"నీకు అర్థం కాదు. నీకు చెప్పినా అర్థం కాదు. నువ్వు చంపేశావ్ అమ్మమ్మా. ఎనిమిది నెలలు కష్టపడ్డది మొత్తం చంపేశావ్."

"నోరు!" తల్లి గొంతు లేచింది. "అమ్మమ్మతో అలాగేనా మాట్లాడేది?"

"మాట్లాడటం, మాట్లాడటం! ఈ ఇంట్లో నోరు కదిలితేనే మాట్లాడినట్టా?"

"కాక? నోరు తెరిచి ఒక్క హలో అనలేని పిల్లకోసం, డెబ్భై ఏళ్ళ మనిషిని పట్టుకుని చంపేశావ్ అంటావా? ఇటివ్వు ఫోను."

ఉడత ఇవ్వలేదు. తల్లి లాక్కుంది. తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంది. "మంగళవారం దాకా ఇది నీకు కనబడదు. ఈలోపు మనుషులతో ఎలా మాట్లాడాలో నేర్చుకో" అని చెప్పులు వేసుకుంది. ఆమె కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. పదకొండుకల్లా అక్కడ ఉండాలి.

తలుపు పడ్డాక ఉడత మంచంమీద గోడవైపు తిరిగి కూర్చుంది. జుట్టునుంచి నీళ్ళు కారి వీపుమీద చొక్కా తడిసింది. అమ్మమ్మ పొడి తువ్వాలు తెచ్చి వెనక కూర్చుని తల తుడవడం మొదలుపెట్టింది. ఉడత వద్దనలేదు. తల వంచనూ లేదు.

"సోమవారం ఏముందే ఆ పిల్లకి?"

అమ్మమ్మ పాయ పాయా విడదీసి తుడుస్తోంది.

"ఇంటర్వ్యూ" అంది చివరికి ఉడత. "బొమ్మల కాలేజీలో సీటు. బొమ్మలు చూసి పిలిచారు. ఇంక ఐదు నిమిషాలు నలుగురి ముందు కూర్చుని మాట్లాడాలి."

"మాట్లాడటానికేం?"

"దానికి నత్తి, అమ్మమ్మా. మామూలు నత్తి కాదు. ఒక్క మాట రావడానికి నిమిషం పడుతుంది. ఒక్కోసారి రెండు నిమిషాలు. బళ్ళో అందరూ దాని మాట అది పూర్తి చేసేలోపే వాళ్ళే పూర్తి చేసేసేవాళ్ళట. అందుకని మానేసింది. బయటివాళ్ళతో ఒక్క మాట మాట్లాడి మూడేళ్ళయింది."

తువ్వాలు ఆగింది.

"ఇంటర్వ్యూకి ముందు నా దగ్గర ఒక్క మాట పైకి అని చూస్తానంది. ఎప్పుడంటుందో చెప్పనంది. చెబితే భయం వేసి ఇంక రాదట. అందుకే రోజూ లైను తెరిచి ఉంచుతాం. నా పని నేను చేసుకుంటా, దాని పని అది చేసుకుంటుంది. నేను పేజీ తిప్పితే దానికి వినబడుతుంది. అది పెన్సిల్ చెక్కితే నాకు వినబడుతుంది. దాన్నే మేం మాట్లాడుకోవడం అంటాం." ఉడత వెనక్కి తిరిగింది. "ఇవాళ నేను లేనప్పుడు, తెలియని మనిషి అడిగితే, జవాబు చెప్పబోయింది. నాకంటే ముందు నీకు."

అమ్మమ్మ తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. లైను బాగాలేనప్పుడు వచ్చే చప్పుడు అనుకున్నదాన్ని మనసులో మళ్ళీ విన్నది. అది లైను చప్పుడు కాదు. పెదవులు రెండూ కలిసి, విడిపోలేక, మళ్ళీ కలుస్తున్న చప్పుడు. 'మ' దగ్గర ఆగిపోయిన మాట.

ఆమె లేచి చీర సర్దుకుంది. "తలుపు వేసుకో. గంటలో వస్తా."

దుకాణం రెండు స్టాపుల దూరం. అమ్మమ్మ వెళ్ళేసరికి ఆమె కూతురు, ఉడత తల్లి, లోపలి గదిలో ఒక ముసలాయన ముందు నిలబడి ఉంది. ఆయన ముక్కుమీద ఇనుప చట్రం, అందులో అద్దాలు మారుస్తోంది. అమ్మమ్మని చూసి కనుబొమ్మలు ఎగరేసి, కూర్చోమన్నట్టు స్టూలు చూపించింది.

"పెద్దాయనా, ఇప్పుడు చూడండి. ఇది బాగుందా?" అద్దం మార్చింది. "ఇది బాగుందా?"

ముసలాయన గోడమీది అక్షరాలకేసి చూస్తున్నాడు. ఏమీ అనలేదు. కూతురు కూడా ఏమీ అనలేదు. చేతిలో అద్దం పట్టుకుని నిలబడింది. అమ్మమ్మ అలవాటు కొద్దీ లోపల లెక్కపెట్టింది. మూడు. ఆరు. తొమ్మిది. లెక్క ఇరవై ఆరుకి వచ్చాక ఆయన నోరు విప్పాడు.

"రెండోది. ఆగమ్మా, ఆ మొదటిది మళ్ళీ పెట్టు."

కూతురు మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆగింది.

ఆయన వెళ్ళాక అమ్మమ్మ అడిగింది. "ఎంతసేపు ఆగుతావే?"

"దేనికి?"

"వాళ్ళు జవాబు చెప్పడానికి."

"చెప్పేదాకా. తొందరపెడితే మొహమాటానికి ఏదో ఒకటి అనేస్తారు. తప్పుడు అద్దాలు పెట్టుకుని తిరుగుతారు." అద్దాలు డబ్బాలో వరసగా పెడుతూ అమ్మమ్మ ముఖంకేసి చూసింది. "ఇది అడగడానికి వచ్చావా ఎండలో?"

"తాళంచెవి కోసం వచ్చాను."

"అమ్మా, దాన్ని నువ్వు వెనకేసుకు రాకు. నిన్నే కదా అంత మాటంది."

"సరిగ్గానే అంది. నేను తొమ్మిది సెకన్లు ఆగాను. ఆ పిల్లకి నిమిషం కావాలట."

అమ్మమ్మ విన్నదంతా చెప్పింది, విన్న వరసలో, ఎక్కడా పెంచకుండా. నత్తి సంగతి వచ్చినప్పుడు కూతురి చేతులు డబ్బామీద ఆగిపోయాయి.

"నోరు తెరిచి హలో అనలేని పిల్ల అన్నాను కదూ" అంది.

"అన్నావు."

"ఆ పిల్ల వినలేదు కదా?"

"ఆ పిల్ల వినలేదు. మన పిల్ల వింది."

కూతురు హ్యాండ్‌బ్యాగు తెరిచింది. తాళంచెవి ఇచ్చినా అమ్మమ్మ లేవలేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"ఎక్స్ఛేంజికి గురువారం గురువారం ఒక ఫోను వచ్చేది. నాలుగింటికి, పేషంట్లని చూడనిచ్చే వేళకి. 'ఏ వార్డు కావాలండీ' అంటే జవాబు ఉండేది కాదు. ఊపిరి వినబడేది. తర్వాత ఒక చప్పుడు. మూడుసార్లు అడిగి తెంపేసేదాన్ని. అల్లరి ఫోను అని రిజిస్టర్లో రాసేదాన్ని. ఏడాది రాశాను. ఆ తర్వాత రావడం మానేసింది. పీడా పోయిందనుకున్నాం అందరం."

"అమ్మా..."

"ఇవాళ విన్నదీ అదే చప్పుడే. అప్పుడు ఏ వార్డులో ఎవరున్నారో. ఎవరి గొంతు వినాలని చేసేవాళ్ళో." ఆమె గొంతు మామూలుగానే ఉంది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, వాటి సంగతి ఆమెకి తెలిసినట్టు లేదు. "ఒక్క లైను వృథా కానివ్వలేదని అందరూ మెచ్చుకున్నారు."

కూతురు చేతికి అందింది అద్దాలు తుడిచే గుడ్డ. అదే ఇచ్చింది. పక్కన స్టూలుమీద కూర్చుంది. బయట గంట మోగినా, ఎవరో లోపలికి వచ్చి కళ్ళజోళ్ళు చూస్తున్నా లేవలేదు.

మధ్యాహ్నం మూడింటికి షిఫ్టు దిగి వచ్చిన తండ్రికి ముందుగదిలో అత్తగారు చాపమీద నిటారుగా కూర్చుని కనిపించింది. ఉడత ఆమె నోటి దగ్గర ఫోను పట్టుకుని ఉంది.

"ఇది నొక్కి పట్టుకుంటా. నువ్వు చెప్పు. అయిపోయాక తల ఊపు."

అమ్మమ్మ గొంతు సవరించుకుంది. వచ్చింది ఇంట్లో వాడే గొంతు కాదు.

"నమస్కారం. పొద్దున పది గంటల పదిహేడు నిమిషాలకి మీ లైను తెంపింది నేను. ఉడత అమ్మమ్మని. మీరు మాట్లాడుతున్నారు. నేను వినలేదు. తప్పు లైనుది కాదు, నాది. రేపు తొమ్మిదిన్నరకి ఇక్కడే ఉంటాను. మీరు వస్తే ఒక్కసారే అడుగుతాను. ఎంతసేపైనా తీసుకోండి. నా వెనక వరసలో ఎవరూ లేరు." తల ఊపింది.

"అత్తయ్యా, రైల్వే స్టేషన్లో చెప్పినట్టు చెప్పారు" అన్నాడు తండ్రి. "ఆ పిల్ల ఏ ప్లాట్‌ఫామో వెతుక్కుంటుంది పాపం."

ఉడతకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది. ఫోను అమ్మమ్మకి చూపించి గుర్తులు చెప్పింది. ఒక టిక్కు అంటే పంపాం. రెండు టిక్కులు అంటే చేరింది. రెండూ నీలం అయితే వింది.

సాయంత్రానికి రెండు టిక్కులు వచ్చాయి. నీలం కాలేదు. ఎనిమిదిన్నరకి ఇంటికి వచ్చిన తల్లి చెప్పులు విడుస్తూనే అడిగింది, "వచ్చిందా?" అని. ఉడత ఆమెకేసి చూసింది. తల్లి ఆ మాటని ఆ అర్థంలో వాడటం అదే మొదటిసారి.

"ఇంకా రాలేదమ్మా."

తల్లి వచ్చి మంచం చివర కూర్చుంది. కాసేపు దుప్పటి అంచు సరిచేసింది. "పొద్దున నేనన్న మాట తప్పే" అంది. ఉడత జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఫోనుకేసి చూస్తూ కూర్చున్నారు.

ఆదివారం తొమ్మిదింటికి టిక్కులు నీలమయ్యాయి. తొమ్మిదిన్నరకి ఏమీ జరగలేదు. తొమ్మిదీ నలభైకి తండ్రి పేపరు తిప్పి మళ్ళీ అదే పేజీకి వచ్చాడు. తొమ్మిదీ యాభైకి ఆకుపచ్చ చుక్క వెలిగింది.

"వచ్చింది" అంది ఉడత, గుసగుసగా. ఫోను మోగింది.

అమ్మమ్మ రెండు చేతులతో ఫోను తీసుకుని బల్లమీద పెట్టింది. అందరికీ వినబడేలా ఉడత స్పీకరు మీట నొక్కింది. అవతల ఫ్యాను తిరుగుతోంది.

"మాట్లాడుతున్నారా?"

శ్వాస వినబడింది. ఆ తర్వాత ఆ చప్పుడు. ఆగింది. మళ్ళీ వచ్చింది.

అమ్మమ్మ బొటనవేలు తక్కిన వేళ్ళ కణుపులమీద కదులుతోంది. మూడు. ఆరు. తొమ్మిది దగ్గర ఆమె వేళ్ళు బిగించి పిడికిలి మూసింది. ఇంక లెక్కపెట్టలేదు. తల్లి వంటింటి గుమ్మంలో తడి చేతులతో నిలబడింది, కొంగుకి తుడుచుకోవడం మర్చిపోయి. తండ్రి పేపరు మడిస్తే చప్పుడవుతుందని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. తెరమీద అంకెలు ఒక నిమిషం దాటాయి, రెండు దాటాయి. చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. ఉడత ఏదో అనబోయింది. అమ్మమ్మ చెయ్యెత్తి ఆపింది.

మూడు నిమిషాల నలభై సెకన్లకి అవతల పెదవులు విడిపోయాయి.

"మా... మాట్లాడుతున్నాను."

ఎవరూ కదలలేదు. ఉడత చేత్తో నోరు మూసుకుంది. ఆమె వేళ్ళమీదుగా నీళ్ళు జారుతున్నాయి. ఎనిమిది నెలల స్నేహితురాలి గొంతు ఆమె వినడం ఇదే మొదటిసారి.

"విన్నానమ్మా" అంది అమ్మమ్మ. "స్పష్టంగా వినబడింది."

తెరమీద అక్షరాలు వచ్చాయి. ఉడత వంగి పైకి చదివింది. 'రేపు పదకొండింటికి ఇంటర్వ్యూ. వెళ్తాను. అప్పటిదాకా అమ్మమ్మగారు నన్ను ప్రశ్నలు అడుగుతారా? ఇలాగే ఆగుతారా?'

"లైన్లోనే ఉండండి" అంది అమ్మమ్మ.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మాట అన్నాక ఆమె అవతలివాళ్ళని ఇంకెవరికో కలిపేది. ఆ ఆదివారం ఉదయం కుర్చీ దగ్గరికి లాక్కుని, తనే కూర్చుంది.